ధనముండియు నాణెము లేని వేళ

బ్యాంకునకు కూడ డబ్బు కొరవడునా యని మా పై తరగతుల విద్యార్థులు ప్రశ్నించుచుందురు. తలిదండ్రులు ఇంటివద్ద వారికి బోధపరచుటకు వీలుగా ఈ విషయమును గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

రాయచూరు ప్రాంతపు పెద్దలకు ఇది తెలియని చిక్కు కాదు. నిజాము కాలమున మన జిల్లాలో హాలీ సిక్కా చెల్లెడిది. తుంగభద్ర దాటి ఆదవానిలో సరకు కొనవలెనన్న బ్రిటిషు ఇండియా కల్దారు రూపాయి కావలెను. ఇంచుమించు 7 హాలీ రూపాయలు 6 కల్దారులకు సమము. పెట్టెనిండ హాలీ యున్నను, కల్దారుగా మార్చుకొననిదే ఆవలి బాకీ తీరదు. ఈ మారకమును నిలకడగా నుంచుట 1942లో పని ప్రారంభించిన హైదరాబాదు స్టేటు బ్యాంకు విధులలో నొకటి.

నేటి ప్రపంచ వ్యాపారమున కల్దారు స్థానము అమెరికా డాలరుది. పలుదేశముల బ్యాంకులు కొద్దికాలపు గడువుకు డాలర్లు అప్పుతెచ్చి, దీర్ఘకాలమునకు అప్పిచ్చుచుండును. 2008 సెప్టెంబరు 15న లీమన్ బ్రదర్స్ సంస్థ దివాలా తీయగా, అప్పిచ్చువారు ఒకరి నొకరు నమ్మక చేయి బిగించిరి. యూరోపు కేంద్రబ్యాంకు యూరోలను సృష్టింపగలదు గాని డాలర్లను సృష్టింపజాలదు. కావున అమెరికా ఫెడరల్ రిజర్వు 2007 డిసెంబరులో ప్రారంభించిన మార్పిడి ఒప్పందములను విస్తరించెను. డాలర్లిచ్చి యూరోలను తనయొద్ద నుంచుకొనుట, గడువునాడు మొదటి ధరకే వడ్డీతో తిరిగి మార్చుకొనుట యీ పద్ధతి. 2008 అక్టోబరులో బ్రెజిల్, మెక్సికో, దక్షిణ కొరియా, సింగపూరులకు ఒక్కొక్కదానికి 3,000 కోట్ల డాలర్ల వరకు ఈ సౌకర్యము లభించెను. భారతదేశమునకు లభింపలేదు.

అప్పుడు మన రిజర్వు బ్యాంకు గవర్నరు తెలుగువారైన దువ్వూరి సుబ్బారావుగారు. విదేశములలో అప్పు పుట్టని కంపెనీలు స్వదేశపు బ్యాంకుల తలుపు తట్టుటచే ఇచ్చట రూపాయికిని కొరత ఏర్పడెను. రిజర్వు బ్యాంకు తన నిల్వనుండి డాలర్లను విక్రయించెను. విదేశశాఖలుగల మన బ్యాంకులకు నవంబరులో మార్పిడి సౌకర్యము కల్పించెను. అయితే డాలరు అమ్మిన కొలది దాని వెలయైన రూపాయలు అంగడినుండి రిజర్వు బ్యాంకునకు చేరిపోవును. ఆ లోటు పూడ్చుటకై, బ్యాంకులు తనయొద్ద తప్పక ఉంచవలసిన నగదు నిష్పత్తిని 9 శాతమునుండి క్రమముగా 5 శాతమునకు తగ్గించెను.

ఇదంతయు నిల్వ యుండుటచేతనే సాధ్యమైనది. 1991లో కొద్ది వారముల దిగుమతులకు మాత్రమే సరిపడు విదేశ ద్రవ్యము మిగిలినందున, సుమారు 47 టన్నుల బంగారమును ఇంగ్లండు, జపాను కేంద్రబ్యాంకులయొద్ద కుదువబెట్టవలసి వచ్చెను. 2008 మార్చి నాటికి మన నిల్వ 30,000 కోట్ల డాలర్లను మించియుండెను. పరుల నాణెమును మనము ముద్రింపజాలము. మంచికాలమున కూడబెట్టుకొనవలెను, లేదా ఇచ్చువాని దయకై వేచియుండవలెను.

మీ ఇండ్లలో పాత హాలీ నాణెమున్నచో పిల్లల చేతికిచ్చి, 7కు 6 చొప్పున ఒక లెక్క చేయింపుడు. పాఠము వారికి చక్కగా నాటుకొనును.