ఇల్లు – ఆఫీసు: ఒక పరిశీలన

మన బొగ్గుబావుల ప్రాంతంలో "పనికి పోయిండు" అంటే ఆ మనిషి ఇంట్లో లేడని అర్థం. ఫస్ట్ షిఫ్టో, సెకండ్ షిఫ్టో, నైట్ షిఫ్టో ఏదో ఒకటి. పని అనేది ఒక చోట వుంటుంది. అక్కడికి పోవాలి, మస్టర్ పడాలి, లాంప్‌రూంలో క్యాప్‌లాంప్ తీసుకోవాలి, బాయిలోకి దిగాలి. కనుకనే 2020 మార్చి నెలాఖరున లాక్‌డౌన్ వచ్చి, హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగాలు చేసే మన రామగిరి, కమాన్‌పూర్, మంథని పిల్లలు లాప్‌టాప్‌లు సంకన పెట్టుకుని వూళ్ళకు చేరినప్పుడు, "ఇది సెలవా, పనా?" అని అడగని ఇల్లు లేదు. కొందరికి ఏడాదిన్నర, కొందరికి మూడేళ్ళు అలాగే గడిచింది. తర్వాత కంపెనీలు ఒక్కొక్కటిగా వెనక్కి రమ్మన్నాయి. పోయేటప్పుడు వాళ్ళ ముఖాల్లో కనిపించింది సంతోషమా, దిగులా అంటే రెండూ అనే చెప్పాలి. ఆ రెండింటికీ కారణాలు ఎక్కడున్నాయో చూద్దామనే ఈ వ్యాసం రాస్తున్నాను. నేను సైన్సు విద్యార్థిని, ఆర్థికశాస్త్రం నా సబ్జెక్టు కాదు. కాని ఇంకో రెండేళ్ళకు మనలో చాలామంది ఎదుర్కోబోయే విషయం కనుక మన సావనీరులో దీనికి చోటు వుండాలనుకున్నాను.

ముందుగా ఒక మాట. ఇంటి దగ్గర పని చేయడమనేది కరోనా తెచ్చిన కొత్త సంగతి కాదు. నిజానికి ఇల్లు విడిచి పనికి పోవడమే కొత్తది. రైతుకు ఇల్లూ పొలమూ వేరు వేరు కావు. తెల్లారక ముందే మోటరు దగ్గరికి పోతాడు, పది గంటలకు వచ్చి బువ్వ తింటాడు, మధ్యాహ్నం ఎండలో చెట్టు కింద పండుకుంటాడు, సాయంత్రం మళ్ళీ పోతాడు. ఎన్ని గంటలు పని చేశావని ఎవరైనా అడిగితే మా బాపు చెప్పలేడు. "కలుపు అయ్యేదాక" అంటాడు. ఇంగ్లండు చరిత్రకారుడు ఇ.పి.థాంప్సన్ 1967లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఈ సంగతే వివరించాడు. పనిని బట్టి సమయం నడిచే సమాజం, యంత్రాలు వచ్చాక గడియారాన్ని బట్టి పని నడిచే సమాజంగా ఎలా మారిందో చూపించాడు. ఇంగ్లండులో ఆ మార్పుకు చాలా తరాలు పట్టింది. మన వైపు కొన్ని కుటుంబాల్లో ఒక్క తరంలోనే జరిగిపోయింది. తండ్రి నాగలి పట్టినవాడు, కొడుకు సైరన్ విని లేచినవాడు. సింగరేణి కంపెనీకి 1920లో ఆ పేరు వచ్చింది, ఇల్లందు వైపు తవ్వకం 1889లోనే మొదలైంది. మన గోదావరిఖని వైపు బావులు 1960 ప్రాంతంలో గాని రాలేదు. అంటే గడియారం ప్రకారం పనికి పోయే అలవాటు మనకు అరవై ఐదేళ్ళది మాత్రమే. ఆ లెక్కన ఇప్పుడు ఆఫీసుకు తిరిగి పోతున్న పిల్లల దిగులును సోమరితనం అనడం సరికాదు. వాళ్ళ తాతలు మొదటిసారి బాయి పనికి పోయిననాడు కూడా ఇలాంటి దిగులే పడి వుంటారు.

అట్లాగని ఇంటి పని అంతా సుఖమేనా? దీనికి జవాబు మన జిల్లాల బీడీ కార్మికులే చెప్తారు. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల్లో తరతరాలుగా ఆడవాళ్ళు ఇంటి అరుగు మీద చాట వొళ్ళో పెట్టుకుని బీడీలు చేస్తున్నారు. తునికాకు తడపడం, కత్తిరించడం, తంబాకు నింపి చుట్టడం, దారం కట్టడం అంతా ఇంట్లోనే. కూలీ వెయ్యి బీడీల లెక్కన. చోటు వాళ్ళది, దీపం వాళ్ళది, నడుము నొప్పి వాళ్ళది, తంబాకు ఘాటు పీల్చే పిల్లలూ వాళ్ళ పిల్లలే. బాగా లేవని తీసేసిన బీడీలకు కూలీ రాదు. ఇలా ఇంట్లో చేసేవాళ్ళు కూడా కార్మికులేనని చట్టంలో రాయించుకోవడానికి 1966 దాకా ఆగవలసి వచ్చింది. ఆ సంవత్సరం వచ్చిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటి దగ్గర పని చేసేవారిని కూడా లెక్కలోకి తీసుకుంది. 1973లో సుప్రీంకోర్టు ముందుకు ఇంకో కేసు వచ్చింది. అది మన తెలంగాణ ప్రాంతపు దుకాణాల చట్టం కింద నడిచింది. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు అంటారు. కుట్టుకూలీ మీద పని చేసే దర్జీలు అప్పుడప్పుడు బట్ట ఇంటికి తీసుకుపోయి కుట్టినంత మాత్రాన వాళ్ళు ఆ దుకాణం పనివాళ్ళు కాకుండా పోరని కోర్టు తీర్పు చెప్పింది. ఇంట్లో పని చేసే ఇంజనీరు కరెంటు బిల్లు, ఇంటర్నెట్ బిల్లు ఎవరు కట్టాలని అడిగినప్పుడు నాకు ఈ బీడీల చాటే గుర్తుకొచ్చింది. జీతంలో భూమికీ ఆకాశానికీ వున్నంత తేడా వుంది, నిజమే. కాని ప్రశ్న ఒకటే.

ఇక ఆఫీసు పనిని ఇంటికి తేవాలన్న ఆలోచన ఎక్కడిదో కొంచెం చెప్పుకోవాలి. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపి, పెట్రోలు కరువు వచ్చిన కాలంలో అమెరికాలో జాక్ నిల్స్ అనే శాస్త్రజ్ఞుడు ఈ సంగతి మీద పరిశోధన చేశాడు. ఆయన అంతకు ముందు అంతరిక్ష వాహనాల మీద పని చేసినవాడు. మనిషిని పని దగ్గరికి మోసుకుపోయే బదులు, పనినే తీగ మీద మనిషి దగ్గరికి పంపితే ఎంత ఇంధనం మిగులుతుందని లెక్క వేశాడు. విశేషమేమిటంటే, ఆయన మొదట అనుకున్నది ఇల్లు కాదు. వూరికి దగ్గరగా చిన్న చిన్న ఆఫీసులు వుండాలన్నది ఆయన ఆలోచన. దీన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను. మన దేశంలో ఇది పెద్ద ఎత్తున సాగకపోవడానికి నిబంధనలు కూడా ఒక అడ్డు. కాల్ సెంటర్ల వంటి సంస్థలు ఇంటి నుంచి పని చేయించాలంటే టెలికం శాఖ దగ్గర షరతులు, పూచీకత్తులు వుండేవి. 2020 నవంబరులో గాని వాటిని సడలించలేదు.

ఇంటికి రాలేని పని కూడా ఒకటుంది. అది మన కళ్ళ ముందే వుంది. లాక్‌డౌన్ రోజుల్లో దేశానికి కరెంటు కావాలి, కరెంటుకు బొగ్గు కావాలి. ఓపెన్‌కాస్టులు నడిచాయి. భూగర్భ గనులకు 2020 ఏప్రిల్‌లో లేఆఫ్ ప్రకటించారు. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం లేఆఫ్ అంటే మూలవేతనం, కరువుభత్యం కలిపి అందులో సగం. ఒకే వాడకట్టులో ఒక ఇంట్లో కొడుకు లాప్‌టాప్ ముందు కూర్చుని పూర్తి జీతం తీసుకుంటున్నాడు, పక్కింటి తండ్రి బాయి మూతపడి ఖాళీగా కూర్చున్నాడు. ఇద్దరూ ఇంట్లోనే వున్నారు! తిరిగి పిలుపు వచ్చినప్పుడు బాయి కార్మికుడు సంబరపడ్డాడు, కంప్యూటరు ఉద్యోగి దిగులు పడ్డాడు. మరి సంబరపడి దిగేది ఎక్కడికి? 2022 మార్చి 7న మన పక్కనే అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు చనిపోయారు. వారిలో సేఫ్టీ చూసే అధికారి కూడా వున్నారు. పైకప్పు గట్టిగా వుందా లేదా అన్నది ఇంటి నుంచి చూసే పని కాదు. ఆస్ట్రేలియాలో మాత్రం రియో టింటో అనే కంపెనీ 2010లో పెర్త్ నగరంలో ఒక కేంద్రం తెరిచి, దాదాపు 1500 కిలోమీటర్ల దూరంలో వున్న ఇనుప ఖనిజం గనులను అక్కడి నుంచి నడిపిస్తోంది. అది నేలపై గని, మన కింద పొరల సంగతి వేరు. ఐనా ప్రాణం పోయే చోటు నుంచి మనిషిని దూరం పెట్టగలిగే యంత్రం గురించి సైన్సు విద్యార్థులు ఆలోచించవలసినంత, ఆఫీసు కుర్చీ గురించి ఆలోచించనక్కర లేదేమో.

ఇప్పుడు మా ఇంటి సంగతి కొంత చెప్తాను, ఎందుకంటే పుస్తకాల్లో దొరకనిది అక్కడే దొరికింది. మా అన్న, వదిన ఇద్దరూ హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. 2020లో ఇద్దరూ వూరికి వచ్చారు. నేనప్పుడు పదో తరగతి. ఇంట్లో సిగ్నల్ వుండదు గనుక అన్న డాబా మీద రేకుల నీడలో బల్ల వేసుకున్నాడు. పొద్దున నారుమడికి నీళ్ళు పెట్టి వచ్చి తొమ్మిదికి కూర్చునేవాడు. హైదరాబాదులో అద్దె మిగిలింది, దారిలో పోయే రెండు గంటలు మిగిలాయి. యాసంగి కోతల్లో వడ్లు కల్లంలో వున్నప్పుడు మబ్బు పడితే, మీటింగు మధ్యలోనే పరదాలు కప్పడానికి పరుగెత్తేవాడు. బాపుకు ఆ రెండేళ్ళూ ఒక జత చేతులు దొరికినట్టయింది. అన్న తిరిగి పోవలసి వచ్చినప్పుడు అందరికంటె ఎక్కువ దిగులు పడ్డది బాపే. కాని పైకి అనలేదు. "ఇంట్ల కూసుండి జీతం తీసుకునుడు ఎన్నొద్దులురా? పో, పిలిసినప్పుడు పోవాలె" అన్నాడు.

వదిన మాట వేరు. ఆమె కూడా అదే డాబా, అదే లాప్‌టాప్, అదే ఎనిమిది తొమ్మిది గంటలు. కాని చుట్టాలొస్తే చాయ్ పెట్టవలసింది ఆమె, పాలు పొంగితే చూడవలసింది ఆమె. తలుపు వేసుకుంటే "కోడలు బయటికే రాదు" అన్నవాళ్ళున్నారు. మా అవ్వ మంచిదే, పని చెప్పేది కాదు. ఐనా ఇంట్లో వున్న కోడలు పని మీద వుందని మన వూళ్ళలో ఎవరికీ అర్థం కాదు. ఆఫీసు తెరిచారని తెలిసిన రోజు వదిన ముఖం వెలిగింది. అడిగితే, "ఆడ నా కుర్చీ నాదే. ఈడ కూసుంటే ఎవలో ఒకలు పిలుస్తరు" అంది. ఇంటి నుంచి పని అంటే ఆడవాళ్ళకు మేలు అని పత్రికల్లో ఎన్నోసార్లు చదివాను. కొందరికి మేలే, చంటిపిల్లల తల్లులకు మరీను. కాని ఆ ఇంట్లో ఎవరెవరు ఏ పని చేస్తున్నారో చూడకుండా ఆ మాట అనడం తొందరపాటు.

మరి పరిశోధనలు ఏమంటున్నాయి? చైనాలో సీట్రిప్ అనే ప్రయాణ సంస్థ షాంఘై కాల్ సెంటర్‌లో 2010లో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. అమెరికా ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు దాన్ని అధ్యయనం చేశారు. ఇష్టపడి ముందుకొచ్చినవారిలో సరిసంఖ్య తేదీన పుట్టినవారిని వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచి, బేసిసంఖ్య తేదీవారిని ఆఫీసులో పని చేయమన్నారు. మన లాబ్‌లో కంట్రోల్ పెట్టుకున్నట్టే అన్నమాట. తొమ్మిది నెలల్లో ఇంటివారి పని 13 శాతం పెరిగింది. ఉద్యోగం మానేసేవారి సంఖ్య సగానికి తగ్గింది. ఇంతవరకు అందరూ చెప్పుకునేదే. ప్రయోగం ముగిశాక ఎవరిష్టం వారిదంటే, ఇంటి నుంచి చేసినవారిలో సుమారు సగం మంది తిరిగి ఆఫీసుకే వచ్చేశారు. ఒంటరితనం ముఖ్య కారణం. అంతే కాదు, సమానంగా పని చేసినా ఇంట్లో వున్నవారికి ప్రమోషన్లు తక్కువ వచ్చాయి. కంటికి కనపడనివాడు మేనేజరు మనసులోనూ వుండడు కాబోలు.

ఇంకో సంగతి కొత్తగా చేరేవాళ్ళది, అంటే మనది. అమెరికాలో ఒక పెద్ద సంస్థలోని సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లను పరిశీలించినవారు, తోటివాళ్ళ దగ్గర కూర్చున్నవారికి తమ ప్రోగ్రాముల మీద సలహాలు, దిద్దుబాట్లు ఎక్కువ అందాయని, ఆ లాభం ముఖ్యంగా చిన్నవారికేనని తేల్చారు. ఇది మనకు చెప్పనక్కర లేదు. 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ళలో మనకు పాఠాలు చెప్పారు. పాఠం అర్థమైంది. కాని టైట్రేషన్‌లో రంగు మారే ఆ ఒక్క చుక్క దగ్గర కుళాయి ఎలా కట్టాలో కాలేజీ లాబ్‌లో పక్కవాడి చేయి చూస్తేనే వచ్చింది. అన్నకు ఎనిమిదేళ్ళ అనుభవముంది, డాబా మీద కూర్చున్నా నడుస్తుంది. నిరుడు చేరినవాడికి డాబా మీద ఎవరు నేర్పుతారు?

కంపెనీల మాట కూడా నిలకడగా లేదు. టీసీఎస్ 2020లో, 2025 నాటికి తమ ఉద్యోగుల్లో నాలుగో వంతు మంది ఆఫీసులో వుంటే చాలునంది. అదే సంస్థ 2023 అక్టోబరు నుంచి వారానికి ఐదు రోజులూ రమ్మంది. మధ్యలో, 2022 జూలైలో, కేంద్ర వాణిజ్య శాఖ ప్రత్యేక ఆర్థిక మండలాల్లోని సంస్థలకు సగం మంది దాకా ఇంటి నుంచి పని చేయవచ్చని నిబంధన తెచ్చింది. ఆ మాటలు నమ్మి వూళ్ళో ఇల్లు బాగు చేయించుకున్నవాళ్ళు, పిల్లల్ని ఇక్కడి బడుల్లో చేర్పించినవాళ్ళు వున్నారు. వాళ్ళ కోపంలో న్యాయముంది. ఆఫీసుకు పిలవడం తప్పు కాదు. ఏ సంగతీ తేల్చకుండా రెండేళ్ళు వుంచి, ఒక ఉత్తరంతో పదిహేను రోజుల్లో రమ్మనడం మాత్రం మంచి పద్ధతి కాదని నా అభిప్రాయం.

మధ్యేమార్గం వుందా అంటే వుంది. పైన చెప్పిన చైనా సంస్థలోనే 1612 మంది మీద మళ్ళీ ప్రయోగం చేసి, ఫలితాలు 2024లో నేచర్ పత్రికలో ప్రకటించారు. వారానికి రెండు రోజులు ఇల్లు, మూడు రోజులు ఆఫీసు. పని తగ్గలేదు, ఉద్యోగం మానేవారు మూడో వంతు తగ్గారు. ముఖ్యంగా స్త్రీలు, దూరం నుంచి వచ్చేవారు నిలిచారు. కాని షాంఘైలో దూరమంటే గంటా గంటన్నర. రామగిరి నుంచి హైదరాబాదు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. మన లెక్క ప్రకారం జాక్ నిల్స్ మొదట అనుకున్న దగ్గరి ఆఫీసే మేలు. కరీంనగర్‌లో 2020 జూలై 21న ఐటీ టవర్ తెరిచారు. తర్వాత ఖమ్మం, మహబూబ్‌నగర్, సిద్దిపేట, నిజామాబాద్‌లలో కూడా వచ్చాయి. కరీంనగర్‌కు మన దగ్గర నుంచి పొద్దున బస్సెక్కి రాత్రికి ఇల్లు చేరవచ్చు. వదినకు కుర్చీ వుంటుంది, బాపుకు కొడుకు వుంటాడు. ఐతే అన్న కంపెనీకి అక్కడ ఆఫీసు లేదు.

ప్రస్తుతం అన్నకు వారంలో మూడు రోజులు, వదినకు ఐదు రోజులు. అన్న గురువారం రాత్రి రామగుండంలో బండి దిగి ఆదివారం సాయంత్రం తిరిగి ఎక్కుతాడు. వదిన పండుగలకు వస్తుంది. పోయిన యాసంగిలో వరి కోత మంగళవారం పడింది, బాపు పక్కూరి నుంచి ఇద్దరు కూలీలను పెట్టుకున్నాడు.