గోవర్ధనోద్ధరణము - తుపాను వేళ గృహస్థధర్మము

ఆశ్వయుజ, కార్తిక మాసములు తూర్పుతీరవాసులకు వ్రతకాలమే గాక తుపానుల కాలము కూడ. తుపాను సమీపించుచున్నదని వార్త రాగానే కొందరు భక్తులకు ఒక సందేహము కలుగును. స్వామిని నమ్మినవాడు ఇల్లు విడిచిపోవుట విశ్వాసలోపము కాదా?

దీనికి సమాధానము శ్రీమద్భాగవత దశమస్కంధమున కలదు. ఇంద్రుడు గాలివానతో, వడగండ్లతో వ్రేపల్లెను ముంచెత్తగా గోపగోపీజనులు శ్రీకృష్ణుని శరణు వేడిరి. స్వామి వారిని ఇండ్లలోనే ఉండుడని చెప్పలేదు. గోవర్ధనగిరిని పైకెత్తి, గోధనముతో దాని క్రిందికి రండని పిలిచెను. కొండ పైబడునేమో యను భయము వలదనెను. ఏడు దినముల పిదప వాన వెలిసినంత, ఇక బయటికి పొండని చెప్పినవాడును స్వామియే. రమ్మన్నపుడు వచ్చుట, పొమ్మనువరకు నిలుచుట - ఈ రెంటి నడుమ నిరీక్షణమే విశ్వాసము.

ప్రపత్తికి పెద్దలు చెప్పిన అంగములలో ఆనుకూల్యసంకల్పము, ప్రాతికూల్యవర్జనము మొదటివి. స్వామి చూపిన రక్షణోపాయమును త్రోసిపుచ్చుట ప్రాతికూల్యమే యగును. మొండితనమునకు మహావిశ్వాసమని పేరు పెట్టరాదు.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచివేయగా, అధికార గణన ప్రకారమే సుమారు 10,000 మంది మరణించిరి. 1990 మే 9న అంతటి ప్రచండమైన తుపానే కృష్ణాతీరమును తాకెను. కాని లక్షలాది జనులను ముందుగనే సురక్షిత స్థలములకు చేర్చుటచే మృతుల సంఖ్య 1,000 లోపుననే నిలిచెను. హెచ్చరికను మన్నించుట యెంతటి రక్షయో దీనివలన తెలియుచున్నది.

కావున సముద్రతీరపు పల్లములందు, పూరిండ్లయందు వసించువారు హెచ్చరిక రాగానే తుపాను రక్షణభవనమునకు పోవలెను. స్వామిని ఒంటరిగ విడుచుటెట్లని చింతింపనక్కరలేదు. సాలగ్రామమును సంపుటమునందుంచి వెంట గొనిపోవచ్చును. పోవుటకు ముందు పశువుల పలుపులు విప్పవలెను.

మెరకను దృఢమైన ఇంటనున్నవారు త్రాగునీరు నింపుకొని, తలుపులు బిగించుకొని, నామసంకీర్తనముతో వేచియుండవలెను. తుపాను కేంద్రము మీదుగా పోవునపుడు గాలి హఠాత్తుగ ఆగును. అంతటితో గండము గడచెనని తలపరాదు. కొంతసేపటికి గాలి ఎదురు దిక్కునుండి మరల విజృంభించును. బయటికి రావచ్చునని అధికారులు తెలుపువరకు గడప దాటరాదు.

ఆ వేళ పొరుగింటి వృద్ధులను, గూడు లేనివారిని లోనికి పిలుచుకొనుట మరువరాదు. కొండ క్రింద చోటు లేదని స్వామి ఎవ్వరిని వెలుపల నిలుపలేదు. తలుపు తెరచి ఆశ్రయమిచ్చిన ఇల్లే ఆనాటికి గోవర్ధనము.