మత్తెక్కకపోతే హలాలేనా?

క్రిస్మస్ రోజుల్లో గుంటూరు, ఒంగోలు వైపు పొరుగింటి క్రైస్తవ సోదరులు ప్రేమతో కేకు పంపిస్తారు. కొన్ని ప్లమ్ కేకులకు ఎండుపండ్లను రమ్ములో నానబెడతారు. “ఒక ముక్కకు మత్తెక్కదు, పైగా వేడికి మద్యం ఆవిరైపోతుంది కదా!” అంటారు మనవాళ్ళు కొందరు.

షరీఅత్ తీర్పు పదార్థం మీదే ఉంటుంది. తిన్నవాడు తూలాడా లేదా అన్నది తర్వాతి మాట. ఎక్కువైతే మత్తెక్కించేది కొంచెమైనా నిషిద్ధమేనని దైవప్రవక్త (స) బోధించారు. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూదావూద్, తిర్మిజీలలో ఉంది. ఇక ఆవిరి సంగతి: అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం, వంటలో కలిపిన మద్యం పావుగంట ఉడికాక 40 శాతం, గంట ఉడికాక కూడా 25 శాతం మిగులుతుంది. కొందరు కేకు కాలాక పైన మళ్ళీ రమ్ము పోస్తారు, దానికి పొయ్యి సెగే తగలదు. అంతా ఆవిరైందనుకున్నా, మద్యం కొనేవాడూ శాపగ్రస్తుడేనని హదీసులో ఉంది. మరి వంటకోసం కొనడం ఎలా చెల్లుతుంది?

అలాగని పులిసిన ఇడ్లీ పిండిని అనుమానించకండి. ఎంత తిన్నా మత్తెక్కదు. సిర్కా కూడా హలాలే, దైవప్రవక్త (స) దాన్ని మెచ్చుకున్నారు. మద్యాన్ని మనమే సిర్కాగా మార్చడంపై మాత్రం హనఫీ, షాఫయీ ఉలమాల మధ్య భేదాభిప్రాయం ఉంది.

కేకు వచ్చినప్పుడు రమ్ము కలిపారా అని నెమ్మదిగా అడగండి. కలిపామంటే, “మా ధర్మంలో కుదరదమ్మా” అని నవ్వుతూ చెప్పండి. ఏళ్ళ తరబడి పక్కపక్కనే ఉంటున్నవారు అర్థం చేసుకుంటారు.