క్యాబేజీకి తోడెవరు?

ఏమర్రా, క్యాబేజీ అనగానే మీ ఇంట్లోనూ మూతులు ముడుచుకుంటాయా? పెసరపప్పు వేసి కూర, ఆవపెట్టి కూర, మహా అయితే పచ్చడి. అక్కడితో మన క్యాబేజీ కథ కంచికి. పచ్చిగా తినమంటే "మేమేమన్నా మేకలమా?" అంటారు పెద్దవాళ్లు. పిల్లలేమో బయట షవర్మాలో అదే పచ్చి క్యాబేజీని లొట్టలేసుకుంటూ తినొస్తారు!

మరి ఇంట్లో చేస్తే ఎందుకు గొంతు దిగదంటారా? మనం దాన్నొక్కదాన్నే గిన్నెలో వేసి, "ఒంటికి మంచిది, తిను" అని ముందు పెడతాం. మందులా పెడితే ఎవరు తింటారమ్మా? పచ్చి క్యాబేజీ సలాడ్‌ని ఇష్టంగా తినేవాళ్ల కంచాలు చూడండి, పక్కన నూనెలో వేగిందో, కొవ్వున్నదో, మెత్తగా నోటికి అంటుకునేదో ఒకటి ఉంటుంది. ఆ పక్కదాన్ని బట్టే క్యాబేజీకి పులుపూ కారమూ పడతాయి.

జపాన్‌లో టోంకత్సు అని ఉంది. పంది మాంసం ముక్కకి బ్రెడ్ పొడి అద్ది నూనెలో వేయిస్తారు. టోక్యోలోని గింజాలో రెంగాతేయి అనే హోటల్ 1899లో ఈ తరహా వంటకం మొదలుపెట్టింది. అప్పట్లో పక్కన ఉడికించిన కూరలే పెట్టేవారట. 1904లో రష్యాతో యుద్ధమొచ్చి వంటవాళ్లు సైన్యంలోకి వెళ్లిపోయేసరికి, కూరలు వండే చేతులు లేక పచ్చి క్యాబేజీ తరిగి పెట్టారని చెబుతారు. ఆ జత అలాగే నిలిచిపోయింది. ఇప్పుడు చాలా హోటళ్లలో మారు అడిగితే క్యాబేజీ ఊరికే వడ్డిస్తారు. అందులో మసాలా లేదు, పోపు లేదు, పనంతా కత్తిదే. దారాల్లా సన్నగా తరిగి, చన్నీళ్లలో కాసేపు వేసి, నీళ్లు పూర్తిగా ఓడ్చేస్తారు. ఆకు నీరు పీల్చుకుని కరకరలాడుతుంది. మన పకోడీ పక్కన ఇది పెట్టి చూడండి, ఖర్చు లేని పని.

ఎల్ సాల్వడార్‌లో పుపూసా తింటారు. మొక్కజొన్న పిండి రొట్టెలో చీజో, బీన్స్ ముద్దో కూరి పెనం మీద కాలుస్తారు. దాని మీదికి కుర్తీదో ఉండాల్సిందే. తరిగిన క్యాబేజీ మీద మరిగే నీళ్లు పోసి, వెంటనే వార్చేసి, క్యారెట్, ఉల్లిపాయ, ఒరేగానో, వెనిగర్ కలిపి ఊరనిస్తారు. హైతీ వాళ్ల పిక్లిజ్ ఇంకా ఘాటు. స్కాచ్ బానెట్ మిరపకాయలు దట్టించి సీసాలో వెనిగర్ పోసి ఊరేస్తారు. వేయించిన మాంసానికీ, అరటికాయ ముక్కలకీ అదే నంజుడు. గుంటూరు ఆడపడుచులు కూడా కాస్త చూసుకుని వేసుకోవాల్సిందే సుమా! అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని లెక్సింగ్టన్ ఊళ్లో బార్బెక్యూ పంది మాంసం పక్కన పెట్టే సలాడ్ ఎర్రగా ఉంటుంది. మయోనైజ్ ఊసే లేదు, కెచప్, వెనిగర్‌లే.

శాకాహారులం మాకేమిటంటారా? లెబనాన్‌కి వెళ్దాం. అక్కడ ముజద్దరా అని మసూర్ పప్పు జాతి గింజలూ బియ్యమూ కలిపి వండి, పైన ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు వేస్తారు. మన పులగం లాంటిదే అనుకోండి. దాని పక్కకి క్యాబేజీ సలాడ్. వెల్లుల్లి రెబ్బలు ఉప్పుతో వెన్నలా నూరి, నిమ్మరసం, ఆలివ్ నూనె, ఎండు పుదీనా కలిపి, తరిగిన క్యాబేజీకి పట్టిస్తారు. చేత్తో గట్టిగా పిసికితే ఆకు మెత్తబడి పులుపు లోపలిదాకా పోతుంది.

మనదేశంలో గుజరాతీల సంభారో చూడండి. ఆవాలు, ఇంగువ, పచ్చిమిర్చి పోపులో క్యాబేజీ, క్యారెట్ తరుగు వేసి ఒక్క తిప్పు తిప్పి దించేస్తారు. సగం పచ్చి, సగం వేడి. ఫాఫ్డా, గాఠియాల పక్కన అది ఉండాలి. చెన్నై బర్మా బజార్ దగ్గర బండ్ల మీద అత్తో తిన్నారా? బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు తెచ్చిన వంటకం. నూడుల్స్, పచ్చి క్యాబేజీ, ఉల్లి, వేయించిన వెల్లుల్లి, చింతపండు పులుసు వేసి చేత్తోనే కలిపిస్తారు.

ఇక షవర్మా మయోనైజ్ సంగతి. పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ చివర్లో ఏడాదిపాటు నిషేధించింది గుర్తుందా? ఇంట్లో దాని జోలికే పోకండి. గుడ్డలో కట్టి నీరు ఓడ్చిన పెరుగులో చిటికెడు ఆవపిండి, పంచదార, ఉప్పు కలిపితే చాలు. ఆవాలూ క్యాబేజీ ఒకే కుటుంబం కదా, చక్కగా కలిసిపోతాయి.

రెండు జాగ్రత్తలు. పచ్చిగా తినేటప్పుడు పైరెక్కలు తీసేసి, మిగతా రెక్కలు విడదీసి, ఒక్కోటీ పారే నీళ్ల కింద రుద్ది కడగాలి. బద్దెపురుగు గుడ్లు ఆకుల మడతల్లో ఉండే అవకాశముంది. ఉప్పునీళ్లలో నానబెట్టాం కదా అని కడగడం మానకండి. రెండోది, రక్తం పలచబడే వార్ఫరిన్ మాత్ర వేసుకునేవాళ్లు ఇంట్లో ఉంటే, డాక్టర్ని అడక్కుండా ఒక్కసారిగా ఎక్కువ పెట్టకండి. క్యాబేజీలో విటమిన్ కె ఉంటుంది, ఆ మాత్ర పనికి అది అడ్డం.

పెరుగుతో కలిపేది నీరు కారకుండా ఉండాలంటే, తరుగుకి ఉప్పు రుద్ది పావుగంట ఉంచి, పిడికిట్లో పట్టి పిండండి. ఆ ఉప్పు సరిపోతుంది, మళ్లీ వేయొద్దు.

ఈ ఆదివారం చికెన్ వేపుడు చేస్తే వెనిగర్, పచ్చిమిర్చి పడ్డది పెట్టండి. బజ్జీలైతే నిమ్మరసం పిండింది. ముద్దపప్పు అన్నానికి లెబనాన్ వెల్లుల్లిది. సలాడ్ అని మాత్రం ప్రకటించకండి, నంజుకోమనండి చాలు. మీ ఇంట్లో ఏ జత కుదిరిందో, ఏది బెడిసికొట్టిందో నాకు ఉత్తరం రాయండి. బెడిసికొట్టినవే ముందు చదువుతాను!