పరభాషలో మాటాడుట: తప్పులకు జంకు

పరభాషను నేర్చు విద్యార్థికి గల కష్టములలో పెద్దది వ్యాకరణము కాదు, పదముల కొఱతయు కాదు. తప్పు పలుకుదునేమో యను జంకే పెద్ద కష్టము. కామారెడ్డి, యెల్లారెడ్డి ప్రాంతములలో ఇంగ్లీషు పరీక్షయందు మంచి మార్కులు తెచ్చుకొనియు, ఎవరైన ఆ భాషలో పేరును ఊరును అడిగినంతనే తలవంచుకొని నిలుచు బాలబాలికలు పెక్కురు గలరు. వారికి జవాబు తెలియదా? తెలియును. కాని దానిని మనస్సులో పదిసారులు దిద్దుకొందురు. ఆ దిద్దుబాటు ముగియులోపల అడిగినవారు మఱియొకరి వంకకు తిరుగుదురు.

ఈ మౌనమును వినయమని కొందఱు పెద్దలు మెచ్చుకొందురు. మా అభిప్రాయము వేఱు. ఒక్క తప్పును లేకుండ మాటాడగల దినము వచ్చువఱకు నోరు విప్పననుట వినయము కాదు. అట్టి దినము మాటాడనివానికి ఎన్నటికిని రాదు. పోచారము చెఱువు గట్టున కూర్చుండి ఈత నేర్చినవా డెవ్వడును లేడు.

ఇందుకు దృష్టాంతములను దూరదేశములలో వెదుకనక్కఱ లేదు. 1948వ సంవత్సరము వఱకు మన సీమ నిజాము రాజ్యములోనిది. కచేరీల వ్యవహారము ఉర్దూలో నడచెడిది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును ఆనాడు బోధనభాష ఉర్దూయే. తెలుగున ప్రాణము లేని వస్తువులన్నియు ఒకే తెగకు చెందును. ఉర్దూలోనో, రొట్టె స్త్రీలింగము, ఇల్లు పుంలింగము. ఈ భేదము తెలుగువాని నాలుకకు శీఘ్రముగా అలవడదు. అయినను లింగభేదము పూర్తిగా తెలియువఱకు కచేరీ మెట్లెక్కనని రైతు కూర్చున్నచో అతని భూమి లెక్కను సరిచూచువా రెవరు? తప్పో ఒప్పో పలికి పని నెఱవేర్చుకొనుచు, వినుచు, పలుకుచు, ఆ భాషను వశము చేసికొన్నవారు మన తాతలలో ఎందఱో కలరు.

2016లో ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో నేడును ఇట్టి నిదర్శనములు గలవు. మహారాష్ట్ర కర్ణాటకముల సరిహద్దున నున్న మద్నూరు, జుక్కల్ వైపు అంగళ్లలో తెలుగు, మరాఠీ, కన్నడము, ఉర్దూ కలసి వినబడును. అచ్చటి వర్తకుడు నాలుగు వ్యాకరణములు చదివి తక్కెడ పట్టినవాడు కాడు. 1970వ దశకము మొదలుకొని గల్ఫు దేశములకు బ్రదుకుతెరువునకై పోయిన మనవారు హిందీని, అరబ్బీని పనిచోటనే నేర్చిరి. యెల్లారెడ్డి, గాంధారి వైపు తండాల పిల్లలు ఇంట లంబాడీ మాటాడి బడిలో తెలుగు నేర్తురు. మనము మాతృభాషగా సులువుగా పలుకు తెలుగు వారికి రెండవ భాష. ఇంగ్లీషు తరగతిలో జంకుచున్న మన విద్యార్థి తన ప్రక్క కూర్చున్న తండా బాలుని చూచి నేర్చుకొనవలసినది కొంత కలదు.

పండితులలో గూడ ఇట్టి మార్గమునే త్రొక్కినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940). వారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నున్నపుడు కొండలలోని సవరల భాష నేర్వగోరిరి. ఆ భాషకు వ్యాకరణము గాని నిఘంటువు గాని ఆనాడు వారికి అందుబాటులో లేవు. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట నుంచుకొని, అతని నోటి మాటను వినియు, తిరిగి పలికియు నేర్చుకొనిరి. తెలుగులో లేని ధ్వనులు ఆ భాషలో గలవు. వానిని మొదటి దినముననే తప్పు లేకుండ పలుకవలెనని పట్టుబట్టినచో రెండవ దినమునకు చదువే సాగకపోవును. మన్యపు జ్వరమునకు పుచ్చుకొన్న క్వినైను వలన వారికి తుదకు వినికిడి పోయెను. అయినను కృషి మానలేదు. వారి సవర వ్యాకరణము 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడెను. ముందు మాట, పిదప వ్యాకరణము: ఆ క్రమమును మనము గమనింపవలెను.

జంకు మాటను ఎట్లు అడ్డగించును? మాటాడునపుడు మనస్సు చెప్పవలసిన విషయమును చూడవలెను. అదే సమయమున ప్రతి పదమునకును పరీక్ష పెట్టినచో రెండు పనులును చెడును. అమెరికా భాషాశాస్త్రజ్ఞుడు స్టీఫెన్ క్రాషెన్ ఈ లోపలి పరీక్షకునికి ‘మానిటర్’ అని పేరిడి, అతడు మితిమీరి పనిచేసినచో మాట కుంటుపడునని చెప్పెను. అంతకుముందు 1967లో పిట్ కార్డర్ అను పండితుడు, నేర్చువాని తప్పులు అతని అజ్ఞానమునకు మాత్రమే గుఱుతులు కావనియు, అతడు భాషను ఎట్లు ఊహించుకొనుచున్నాడో తెలుపు సాక్ష్యములనియు వ్రాసెను. ఇంగ్లీషున నామవాచకమునకు ముందు చేర్చు ‘ఎ’, ‘ది’ అను మాటలకు సమానమైనవి తెలుగున లేవు. కనుక మనవారు వానిని విడుచుట సహజము. ఉపాధ్యాయునకు ఆ తప్పు దారి చూపును. మౌనము ఏ దారియు చూపదు.

ఒక ఉత్తరదేశపు బాటసారి మన వాకిట నిలిచి “నేను నీరు కావాలి” అనినచో మనము నవ్వి తలుపు వేయుదుమా? నీళ్లిత్తుము, “నాకు నీళ్లు కావాలి” అని ప్రేమతో దిద్దుదుము. ఆ దయను మనము ఇతరులకు చూపుచు, మనకు మనము చూపుకొనకుండుట న్యాయమా?

ఇంక సాధనమార్గమును చెప్పుదుము. మొదటిది: నాలుగైదు పదముల చిన్న వాక్యములతో ఆరంభింపుము. రెండవది: వాక్యము నడుమ తప్పు తోచినను నిలువక తుదకు చేరుము. మూడవది: ఎవరైన దిద్దినచో సిగ్గుపడక సరియైన వాక్యమును ఒకమాఱు బిగ్గరగా పలుకుము. నాలుగవది: దినమునకు ఒక్క తప్పును మాత్రమే పుస్తకమున వ్రాసికొని, మఱునాడు దానినే కనిపెట్టుకొని యుండుము. అయిదవది: ఒక స్నేహితునితో ప్రతిదినము పది నిమిషములు ఆ భాషలోనే ముచ్చటింపుము. ఆ పది నిమిషములలో ఒకరి నొకరు ఎగతాళి చేయరాదని ముందే ఒడంబడిక చేసికొనుడు.

ఇది అజాగ్రత్తకు అనుమతి కాదు. వ్రాతయందు కాలము మన చేతిలో నుండును గనుక అందు చక్కగా దిద్దుకొనవలెను. మందుల లెక్క, పైకము, తేదీలు చెప్పునపుడు మాటలోను జాగ్రత్త వలయును. తక్కిన మాటలలో ధారాళమే ముందు. శుద్ధి దాని వెంట వచ్చును.

తల్లిదండ్రులకు ఒక మనవి. బిడ్డ పలికిన తప్పును చుట్టముల ముందు చెప్పి నవ్వకుడు. ఒక్కనాటి నవ్వు ఏండ్ల తరబడి నోరు మూయింపగలదు. మీకు ఇంగ్లీషు రాకపోయినను కొదువ లేదు. నేటి పాఠమును బిడ్డచేత ఇంగ్లీషున చెప్పించి, పిదప తెలుగున అర్థము చెప్పించుకొనుడు. వినువా రున్నారను ధైర్యమే బిడ్డకు సగము చదువు. ఉపాధ్యాయులును మాట నడుమ దిద్దక, మాట ముగిసిన పిదప దిద్దుట మేలు.

విద్యార్థులారా! రేపు మీలో ఒకరు పొరుగు రాష్ట్రపు ఆసుపత్రిలో తల్లి బాధను వైద్యునికి చెప్పవలసి రావచ్చును. మఱియొకరు ఉద్యోగమునకై నలుగురి యెదుట జవాబు చెప్పవలసి రావచ్చును. తల్లికి నొప్పి ఎక్కడనో, ఎన్ని దినములనుండియో మీరు చెప్పగలిగినచో వైద్యుడు దానినే వినును. మీ వ్యాకరణమునకు మార్కులు వేయడు. ఆనాడు ఆ మాట మీ నోట వెలువడవలెనన్నచో నేడు తరగతిలో చేయి యెత్తి, తప్పైనను సరే, ఒక్క వాక్యము పలుకుడు.