జ్వరాల వార్డుకు పోతున్న బిడ్డకు

కరీంనగర్

బిడ్డా,

ఆదిలాబాద్ రిమ్స్‌లో నీకు మెడిసిన్ వార్డు డ్యూటీ పడ్డదని మీ బాపు చెప్పిండు. వానలు మొదలైతే ఉట్నూరు, నార్నూరు, జైనూరు దిక్కు నుంచి జ్వరాలతోని జనం వస్తనే ఉంటరు. మలేరియా, డెంగీ సంగతి నీకు అందరూ చెప్తరు. ఆ జ్వరం సెప్సిస్‌లోకి దిగినప్పుడు గుండెకు ఏమైతదో నేను చెప్త.

బీపీ పడిపోయిన సెప్సిస్ రోగికి ఎకో తీస్తే ఒక్కోసారి గుండె ఉబ్బి, నీరసంగ కొట్టుకుంట కనపడతది. హార్ట్ ఎటాకేమో అనిపిస్తది. కాని గుండెకు పోయే రక్తం తగ్గదు, కండరం పెద్దగ చావదు. 1984లో అమెరికాలో పార్కర్, పారిల్లో బృందం చూసింది ఇదే: బతికి బయటపడ్డవాళ్ల గుండె 7 నుంచి 10 రోజుల్లో మళ్లీ మామూలైంది. చచ్చిన కండరమైతే తిరిగి రాదు గద.

మరి గుండె నీరసించేది శక్తి చాలకనే. కణానికి శక్తినిచ్చే ఏటీపీని గుండె రోజుకు కిలోల కొద్దీ చేసుకుంటది, నిల్వ మాత్రం కొన్ని సెకన్లకే సరిపోతది. నూటికి 90 పాళ్ల పైనే మైటోకాండ్రియాలో తయారైతది, అదీ ఎక్కువగ కొవ్వు ఆమ్లాలను కాల్చి. సెప్సిస్ దెబ్బ సరిగ్గా అక్కడ పడతది. కొవ్వును కాల్చే ఎంజైముల జన్యువులను నడిపే పీపీఏఆర్ ఆల్ఫా, పీజీసీ-1 ఆల్ఫా తగ్గిపోతయి. నైట్రిక్ ఆక్సైడ్ అతిగ పుట్టి, సైటోక్రోమ్ ఆక్సిడేజ్ దగ్గర ఆక్సిజన్‌కు అడ్డం పడతది. గోదాము నిండ వడ్లుండి మిల్లు ఆగినట్టు, రక్తంల ఆక్సిజన్ ఉంటది, కణంల కొవ్వు బొట్లు పేరుకుంటయి, శక్తి మాత్రం చాలదు. ప్రాణం నిలుపుకోను కణమే తన పని తగ్గించుకుంటదని కొందరి వాదన. నాకూ అదే నమ్మబుద్ధయితది.

అందుకే సగటు బీపీ 65 దగ్గర నిలబడి, మూత్రం వస్తూ, లాక్టేట్ దిగుతుంటే, ఎకోలో అంకె కోసం డోబ్యుటమిన్ పెంచుకుంట పోకు. ఆ మందు గుండెను గట్టిగ కొట్టుకొమ్మంటది, శక్తి మాత్రం ఇయ్యది. సెలైన్ కూడ అలిసిన గుండెను చూసుకుంటనే ఎక్కియ్యాలె.

అంతకన్న ముందు రోగిని ముట్టుకొని చూడు. వేలి కొసను గట్టిగ నొక్కి వదిలితే 3 సెకన్ల లోపల ఎరుపు తిరిగి రావాలె. బట్ట పక్కకు జరిపి చంకలు, గజ్జలు, రొమ్ముల కింద వెతుకు. చుట్టూ ఎరుపుతోని నల్లటి చిన్న చెక్కు ఉంటే స్క్రబ్ టైఫస్ అనుకో. నొప్పి ఉండదు కాబట్టి వాళ్లు చెప్పరు. సెఫ్‌ట్రియాక్సోన్ దానికి పనిచెయ్యది, డాక్సీసైక్లిన్ కావాలె. షాక్‌లో ఉంటే కల్చర్‌కు రక్తం తీసి మొదటి గంటలోనే మందు పడాలె.

డాక్సీసైక్లిన్ చేతిల పట్టుకున్నప్పుడు భీమవరంల పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావును తలుచుకో. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఆయన 1927లో కండరంల ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని పట్టుకున్నడు. అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడ ఏటీపీని కనిపెట్టిండు. ఆ తర్వాత సుబ్బారావు లెడర్లీ అనే మందుల సంస్థలో పరిశోధన నడిపిండు. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో అక్కడి నుంచే వచ్చింది, డాక్సీసైక్లిన్ ఆ జాతిదే. ఆ ఏడే ఆయన పోయిండు. రోగి గుండెలో తక్కువ పడ్డ ఏటీపీ వెనుక, నువ్విచ్చే మందు వెనుక ఆయన పని ఉన్నది. డాక్టర్లయిన మన పిల్లలు ఆయన పేరు ఎరగమంటే నాకు బాధైతది.

ఒక్కటి మరువకు. ఇంటోళ్లతోని ‘గుండె చెడిపోయింది’ అనకు. ఆ మాట విని ఆశ వదులుకొని మనిషిని ఊరికి తీసుకపోతరు. ‘జ్వరంతోని గుండె నీరసించింది, కోలుకునే ఆశ ఉన్నది, అందాక కాపాడుతున్నం’ అను. గోండి వచ్చిన సిస్టర్ ఉంటే పక్కన నిలబెట్టుకొని చెప్పించు. డిశ్చార్జికి ముందు ఎకో మళ్లీ తీయించి, రెండు రిపోర్టులూ వాళ్ల చేతికియ్యి.

నీ పెద్దబాపు