మేడ మీద సోలార్ ఎవరికి గిట్టుబాటు?

ప్ర: మాకు నెలకు 350 యూనిట్ల దాకా కాలుతుంది. బిల్లు 2,300 వస్తోంది. 3 కిలోవాట్ల సోలార్‌కు 1,95,000 అడుగుతున్నారు. పెట్టిన డబ్బు తిరిగొస్తుందా? - ఒక గృహిణి, కరీంనగర్

జ: వస్తుందమ్మా, అయిదారేళ్లలో. పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలు, మొత్తం 78,000 సబ్సిడీ ఉంది. అది పోను మీకు పడేది 1,17,000. మన ఎండకు కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు లెక్కేసుకోండి. ముసురు పట్టిన రోజుల్లో తగ్గుతుంది. ఏడాది మీద చూస్తే మీ వాడకానికి సరిపోతుంది. ఫిక్స్‌డ్ ఛార్జీలు మాత్రం తప్పవు.

‘ఎలాగూ పెడుతున్నారు, 5 కిలోవాట్లు పెట్టించుకోండి’ అంటారు అమ్మేవాళ్లు. వినకండి. సబ్సిడీ ఆ 78,000 దగ్గరే ఆగిపోతుంది. మిగులు కరెంటుకు డిస్కం ఇచ్చే ధర, మీరు పై స్లాబులో కొనే ధరకు దరిదాపుల్లో ఉండదు. సోలార్ లాభమంతా ఆ ఖరీదైన పై యూనిట్లు తగ్గడంలోనే ఉంది.

అడ్వాన్సు ఇచ్చే ముందు పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం మూడింటికి ఓసారి మేడెక్కి చూడండి. నీళ్ల ట్యాంకు నీడ, పక్కింటి అంతస్తు నీడ ఎక్కడ పడుతున్నాయో తెలుస్తుంది. ప్యానెళ్లను వరసగా కలుపుతారు కాబట్టి ఒక్కదాని మీద నీడ పడినా మొత్తం వరస మీద దెబ్బ పడొచ్చు. పక్క ఖాళీ స్థలంలో ఇల్లు లేచేలా ఉంటే అదీ ఆలోచించుకోవాలి. ప్యానెళ్లు పాతికేళ్లు ఉండేవి మరి. ఇన్వర్టర్ అన్నాళ్లు రాదు, మధ్యలో ఒకసారి మార్చే ఖర్చు పక్కన పెట్టుకోండి.

ప్ర: గృహజ్యోతి కింద మాకు సున్నా బిల్లు వస్తోంది. మేమూ పెట్టించుకోవాలా? - ఒక పాఠకుడు, ఖమ్మం

జ: వద్దు. కట్టని బిల్లులో మిగిలేదేముంటుంది? వాడకం 200 యూనిట్లు దాటడం మొదలైతే అప్పుడు చూద్దాం.

ప్ర: సోలార్ పెట్టించాం. అయినా కరెంటు పోతే మిట్టమధ్యాహ్నం కూడా ఫ్యాను తిరగడం లేదు. మోసపోయామా? - విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జ: లేదు మాస్టారూ. మీది ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్. లైన్లో కరెంటు పోగానే అది ఆగిపోవాలి. లేకపోతే మీ మేడ మీది కరెంటు లైన్లోకి వెళ్లి, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. అమ్మినవాళ్లు ముందే చెప్పాల్సిన మాట ఇది. కోతల్లోనూ సోలార్ పనిచేయాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ కావాలి, ఖర్చు బాగా పెరుగుతుంది. అరగంట, గంట కోతలకు అంత అక్కర్లేదు. పాత ఇన్వర్టర్ బ్యాటరీ ఉంటే అమ్మేయకండి, ఫ్యాన్లకూ లైట్లకూ అది చాలు.